అయ్యగారి కుర్చీ

నిన్న ఆదివారం ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా అమ్మాయి ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరుగారి కోసం హాల్లో ఎత్తైన కుర్చీ వేసి, తెల్ల తువ్వాలు పరిచారు. ఆయన గురుగ్రామ్ నుంచి రావడం గంటంపావు ఆలస్యమైంది. అంతసేపూ ఒక్కరూ పాట ఎత్తలేదు. ఆ తువ్వాలు చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

నాకు ఏడేళ్లప్పుడు, ఢిల్లీలోనే, మా అద్దె గదిలో జరిగే కూడికలోనూ ఇలాంటి కుర్చీ ఉండేది. దేవుడు వచ్చి అందులోనే కూర్చుంటాడనుకునేదాన్ని. అమ్మ నర్సు. ఒక ఆదివారం పొద్దున రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చింది. అప్పుడు తనకు ఏడో నెల. అందరూ చాపల మీద ఉన్నారు. కింద కూర్చుంటే మళ్లీ లేవలేనని అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, కుర్చీలో కూర్చో," అన్నాను.

"తప్పు! అది అయ్యగారిది. ఆయన వచ్చాకే ప్రార్థన," అని సంఘపెద్ద గద్దించాడు.

అమ్మ కళ్లు తిరిగి తూలింది. అయినా ఎవరూ కదల్లేదు. దేవుడే లేచి అమ్మకు చోటిస్తాడని నేను కుర్చీవైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, అందులో కూర్చుంది.

"మొదలుపెట్టండి అన్నయ్యగారూ. వినేవాడు ఎప్పుడో వచ్చాడు."

నిన్న నేనూ తువ్వాలు మడిచి పక్కన పెట్టాను.

"అమ్మమ్మా, వో అంకుల్ కీ కుర్సీ హై!" అంది మనవరాలు కంగారుగా, అది పాస్టరుగారి కుర్చీ అని.

కూర్చుని పాట ఎత్తాను. అమ్మ ఆ రోజు నమ్మకంతో కూర్చుంది. నేను కోపంతో కూర్చున్నాను. ఆ తేడా నాకు తెలుసు. అయినా పాస్టరుగారు వచ్చినప్పుడు లేవలేదు.