మిరప తోటలో అర్థశాస్త్రం

ఆన్‌లైన్‌లో పాఠం ఎలా చెప్పాలో మాకు శిక్షణ ఇచ్చినప్పుడు ముందు వరసలో కూర్చుని బుద్ధిగా విన్నాను. మొహం మీద వెలుతురు పడాలన్నారు, స్లయిడ్లు రంగురంగులుగా ఉండాలన్నారు. భద్రాచలంలో నా కిరాయి ఇంటి గోడకు కొత్త రంగు కూడా వేయించాను. మిరపకాయల సంగతి మాత్రం అక్కడ ఎవరూ ఎత్తలేదు.

డిగ్రీ రెండో సంవత్సరం వాళ్ళకు నేను అర్థశాస్త్రం చెప్తాను. ఆ ఉదయం క్లాసు మొదలుపెట్టగానే ఎవరి మైకులోంచో ఆడవాళ్ళ నవ్వులు, ఆకుల గలగల. నాకసలే ముక్కు మీద కోపం.

"ఎవరమ్మా అది? క్లాసా, సంతా?" అని అరిచాను.

"నేనే సార్," అంది ఏన్కూరు వైపు అడవి అంచు ఊరి అమ్మాయి. "మిర్చి ఏరుతున్న. చేతులకు కారమున్నది, ఫోన్ ముట్టుకుంటే తర్వాత మొహమంత మండుతది. గందుకే మైకు బంద్ చెయ్యలే."

ఫోన్ చొక్కా జేబులో ఉందట. ఎండకీ కారానికీ ఆడవాళ్ళు బట్టల మీద తొడుక్కునే మగవాళ్ళ పాత చొక్కా అది. అంటే, నేను రాత్రంతా కూర్చుని రంగులద్దిన స్లయిడ్లు ఆ జేబులో వెలుగుతున్నాయన్నమాట!

"క్లాసున్న పూట పని మానకూడదా తల్లీ?"

"కోతలప్పుడు ఇంట్ల ఎట్ల కూసుంట సార్? ఈసారి ఒక్క పేపర్ పోయినా చదువు బంద్ అన్నడు మా నాయన."

ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం కోపమంతా దిగిపోయింది. ఆమె మైకు నేను ఆపేయగలను గానీ, మళ్ళీ తెరవడం ఆమె చేతిలోనే ఉంటుంది. ఆ చేతులకేమో కారం. అందుకని తెరిచే ఉంచాను. తోట మొత్తం మా క్లాసులో చేరిపోయింది.

అప్పుడు తెలిసింది, నా పాఠంలో సగం "ఇదిగో ఈ గీత", "ఇక్కడ చూడండి" అనే మాటలేనని. వినేవాళ్ళకు ఏది ఇది, ఎక్కడ ఇక్కడ? స్లయిడ్లు పక్కన పెట్టేశాను. "చేను మూల నిలబడ్డారనుకోండి," అని మొదలుపెట్టాను. "మీ ముందు నిటారుగా పోయే గట్టు ధర. కుడిచేతి వైపు పోయే గట్టు సరుకు. ధర పెరిగేకొద్దీ రైతులు సరుకు ఎక్కువ తెస్తారు. కాబట్టి సప్లై గీత మీ కాళ్ళ దగ్గర్నుంచి ఐమూలగా అవతలి మూలకు పోతుంది."

"ఐమూలగ పోతే చెట్లు తొక్కుతం గద సార్!" అంది తోటలోంచి ఒక పెద్దావిడ. క్లాసంతా పగలబడి నవ్వింది. ఇంకో రోజు ఎదురు మూల నుంచి దిగే డిమాండ్ గీత చెప్తుంటే ఆవిడే, "జర మెల్లగ చెప్పుండ్రి సార్, ఎవరన్న తరుముతున్నరా?" అని గదిమింది. మెల్లగా చెప్పడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ గొంతు వినపడని రోజు నాకు క్లాసు చప్పగా ఉండేది.

వైవా కూడా వీడియోలోనే జరిగింది. ఆ అమ్మాయి చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చుంది. వేరే కాలేజీ నుంచి వీడియోలో కలిసిన ఎగ్జామినర్ కాస్త గట్టి మనిషి. సప్లై, డిమాండ్ గీతలు గీసి చూపించమన్నారు. ఈ పిల్ల నా బొమ్మ ఒక్కటీ చూడలేదు. పాఠ్యపుస్తకమైనా ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

కాగితం కెమెరా ముందు పెట్టింది. రెండు గీతలూ సరిగ్గా నడిమధ్యలో కలిశాయి.

"బాగుంది. ఎక్కడ చూసి నేర్చుకున్నావమ్మా?" అన్నారు ఎగ్జామినర్.

"చూడలే సార్. మా సార్ చెప్తుంటే విన్న."

నాకు కళ్ళు చెమర్చాయి. కెమెరా పక్కకు తిప్పుకుందామనుకునేలోపే, ఆమె వెనక పని ఆపి నిలబడ్డ పెద్దావిడ ఫోన్లోకి వంగింది.

"మా పిల్ల పాసైనట్టేనా సార్?"

ఫలితం అప్పుడే చెప్పకూడదని నియమం. నేనేమంటానా అని ఎగ్జామినర్ తెర మీంచి చూస్తున్నారు.

"అవ్ అక్కా, అయినట్టే," అన్నాను.