రంపానికి తలస్నానం

మొన్న మచ్చ బొల్లారంలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన కానుగ చెట్టు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని కొట్టించారు. వచ్చినవాడు సంచిలోంచి బ్యాటరీ రంపం తీసి మీట నొక్కాడు. అది ఆడింది. అంతే. తాడు గుంజడం లేదు, తిట్టడం లేదు, ప్లగ్గు విప్పి లుంగీకి తుడవడం లేదు. వాచ్‌మన్ భార్య "మస్తుగ కోస్తాంది గదమ్మా" అని మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత సుఖంగా ఆడే వస్తువు లోకంలోకి రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని ఎవరిని నిలదీయాలో తెలియక, పైకొచ్చి తలుపు గట్టిగా వేసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము మేడ్చల్ దగ్గర గౌడవెల్లిలో ఉండేవాళ్లం. మా ఆయన జీడిమెట్లలో ఫిట్టరు. ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఇక ఒకరి కింద పనిచేసేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పుడే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. ప్లాట్లు చేయాలంటే ముందు జామాయిలు తోటలు, తుమ్మ చెట్లు తీసెయ్యాలి కదా. చెట్లు కోసే పెట్రోలు రంపం మిషన్ ఒకటి చేతిలో ఉంటే పని వెతుక్కుంటూ వస్తుందని ఆయన నమ్మకం. మంచి కంపెనీది మా తాహతుకు అందదు కాబట్టి రాణిగంజ్ వెళ్లి అన్నిటికన్నా చవకది తెచ్చాడు. దాని మీద అంటించిన పేరు ఏ భాషదో మాలో ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్లకు ఆ కాగితం కూడా ఊడిపోయింది. "ఇగ మనం ఎవ్వని కింద జేసుడు లేదే" అంటూ దాన్ని తెచ్చి మంచం మీద పెట్టాడు. మంచం మీద! దుప్పటికి అంటిన ఆ నూనె మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

దాన్ని సాకడం చంటిపిల్లను సాకినట్టు అని నేను అనను. చంటిపిల్ల అప్పుడప్పుడూ నవ్వుతుంది. దీనికి పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపాలి. ఎక్కువైతే ఇల్లంతా పొగ, తక్కువైతే వేడెక్కి ఆగిపోవడం. గొలుసుకు వేరే నూనె. ఆ నూనె పని చేసేటప్పుడు గొలుసుకు అందేది కాదు గానీ రాత్రంతా మా వసారాలో కారేది. గొలుసు పళ్లకు ఒక్కొక్కదానికీ ఆకురాయి పట్టాలి, ఆ కీచు చప్పుడుకు నా పళ్లు జివ్వుమనేవి. మొదలుపెట్టే తాడు తెగిందని ఒకసారి నా లంగా నాడా కట్టాడు. కాసేపటికి అదీ తెగింది. సామాను కోసం బస్సులు మారి రాణిగంజ్ పోతే దుకాణంవాడు "గా మోడల్ బంద్ అయింది భయ్యా" అని చేతులు దులుపుకునేవాడు. అన్నం ముద్దలో కూడా పెట్రోల్ వాసనే. అయితే, అది ఆడిన రోజు ఆయన కనుబొమ్మల నిండా రంపపు పొట్టుతో ఇంటికొచ్చి, అడగకుండానే ముచ్చట్లు చెప్పేవాడు. ఆ ముఖం కోసమే నేను తక్కినవన్నీ భరించాను.

ఇట్లా చిన్నా చితకా కోతలతో నెట్టుకొస్తుండగా శామీర్‌పేట వైపు ఒక పటేలు కబురు పెట్టాడు. ఆయనకు పెద్ద జామాయిలు తోట ఉంది. "ముందుగాల గీ తోట సాఫ్ జేసి సూపెట్టు. మంచిగ జేస్తే నా వెంచర్లన్ని నీకే" అన్నాడు. దసరా తెల్లారి పని మొదలు, ఆ వారంలోనే భూమిపూజ. ఇది గట్టెక్కితే మా ఆయన తన కాళ్ల మీద తాను నిలబడతాడు. లేకపోతే మళ్లీ ఏదో ఒక కంపెనీ గేటు ముందు నిలబడతాడు. ఇది ఇంట్లో అందరికీ తెలుసు.

దసరా పొద్దున ఆయన మటన్ కోసం మేడ్చల్ పోయాడు. అప్పుడు మా అత్తమ్మ రంగంలోకి దిగింది. పండుగనాడు పనిముట్లను కడిగి పూజ చేయడం అందరిళ్లలో ఉన్నదే. స్కూటరు కడిగింది, పార కడిగింది, కొడవలి కడిగింది. ఇంత పెద్ద పనికి పోతున్న మిషన్‌ను వట్టిగా తుడిచి ఊరుకుంటుందా? బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించి, సబ్బు పెట్టి, కొబ్బరి పీచుతో బర్రెను కడిగినట్టు కడిగింది. గాలి పీల్చే చిల్లుల మీద కూడా పసుపు మెత్తి కుంకుమ అద్దింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అది బంతిపూల దండ వేసుకుని పీట మీద కూర్చుని ఉంది, కింద మడుగు.

"అయ్యో అత్తమ్మా, మిషన్ల నీళ్లు పోస్తరా?" అన్నాను.

"పండుగపూట తానం జెయ్యకుంట దేవుని కాడ ఎట్ల గూసుంటది బిడ్డా?" అంది.

మా ఆయన వచ్చి చూశాడు. మటన్ సంచి నా చేతికిచ్చి, మిషన్‌ను ఎండలో పెట్టి విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆమె మీద కోపం ఒకటి, ఆమెను ఒక్క మాటైనా అననందుకు ఈయన మీద కోపం ఇంకొకటి, ఆ రెండింటితో నేను మటన్ వండాను. సాయంత్రం ఊరంతా జమ్మికి పోయే వేళ అది దగ్గి, పొగ వదిలి, ఆడింది. అత్తమ్మ నా వంక ఒక చూపు చూసింది.

తెల్లారి తోటలో కొమ్మలు ఏరి కుప్పెయ్యడానికి వచ్చిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. పటేలు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా ఆయన కొబ్బరికాయ కొట్టి తాడు గుంజాడు. మొదటి చెట్టును సగం దాకా కోసి మిషన్ ఆగిపోయింది. మళ్లీ గుంజాడు. ప్లగ్గు విప్పి తుడిచి గుంజాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. సగం తెగిన చెట్టు గాలికి కిర్రుమంటుంటే దాని కిందికి ఎవరూ పోవడం లేదు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"పటేలా, జర ఆగుండ్రి. తడి ఆరితే ఆడ్తది" అన్నాడు మా ఆయన.

"ఎంతసేపయా? ముహూర్తం ఆగుతదా?" అంటూ పటేలు జేబులోంచి ఫోను తీశాడు.

మధ్యాహ్నానికి జేసీబీ వచ్చింది. సగం కోసిన చెట్టును ఒక్క తోపుతో పడేసి వేళ్లతో సహా పెకిలించింది. మేం కోస్తే మొద్దు భూమిలోనే ఉండిపోతుంది, ప్లాట్లకు అది అడ్డం. అంటే మా మిషన్ ఆ రోజు ఎంత బాగా ఆడినా, పటేలు మరో తోటకు జేసీబీనే పిలిచేవాడు. ఆ సంగతి నాకు అక్కడే తెలిసిపోయింది. ఆయనకూ తెలిసిపోయిందని ముఖమే చెప్పింది. అత్తమ్మను కడిగేద్దామని దాచుకున్న కోపమంతా దేనికీ పనికిరాకుండా పోయింది, ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను. ఆమె మాత్రం బతికినన్నాళ్లూ "నా పూజతోని ఒక్కనికన్న ఏలు తెగిందా?" అని గొప్పగా చెప్పుకుంది. నిజమే, ఆడని మిషన్ ఎవరి వేలు కోస్తుంది?

దీపావళి లోపే మా ఆయన ఇంకో కంపెనీలో చేరాడు. మిషన్‌ను అమ్మెయ్యమంటే వినలేదు. ప్రతి ఆదివారం దాన్ని బయటికి తీసి, ఆకురాయి పట్టి, తాడు గుంజి, ఆడేదాకా వదిలేవాడు కాదు. ఆడితే ఒక్క నిమిషం దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడు.

"కొయ్యనీకె కట్టెనే లేదు, ఎందుకు గా లొల్లి?" అని కసిరేదాన్ని.

"ఆడుతాంది గదనే, ఆడనియ్యి" అనేవాడు.

అంతలో అది మళ్లీ ఆగిపోయేది. వారమంతా కంపెనీ సైరన్‌కు ఇచ్చేసిన మనిషికి సొంతానికి మిగిలింది ఆ నిమిషమే. ఈ బ్యాటరీ రంపాన్ని అప్పుడే పంపించి ఆ నిమిషాన్ని ఇంకాస్త పొడుగు చేస్తే కాలానికి ఏం పోయేదని ఇప్పటికీ నా కోపం.