ఎస్తేరమ్మ గారి కారుకు వెచ్చదనం

1962 చలికాలం. బందరులో మెకానిక్కు పని నేర్చుకుని, అవనిగడ్డ బజారు చివర నేను సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్న కొత్త. ధనుర్మాసంలో తెల్లవారేసరికి దివిసీమ అంతా పాలలో ముంచి తీసినట్టుండేది. ఎదురుగా ఉన్న కాలవ కనపడేది కాదు, పడవవాళ్ల మాటలు మాత్రం వినపడేవి. ఆ మంచును చూస్తూ టీ తాగుతుంటే నాకు పని మొదలుపెట్టబుద్ధయ్యేది కాదు. ఎవరైనా పలకరిస్తే విసుక్కునేవాణ్ణి కూడా.

అలాంటి ఒక పొద్దున ఎస్తేరమ్మ గారి కారు దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగిపోయింది. ఆవిడ మిషన్ ఆసుపత్రి నర్సు. చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లన్నీ ఆవిడ చేతి మీదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఆ పాత కారును ఒక దొరసాని స్వదేశం వెళ్లిపోతూ ఆవిడకిచ్చింది.

"కోటయ్య గారూ, ఎండాకాలం చక్కగా నడుస్తుంది, చలికాలం పొద్దున్నే మొరాయిస్తుంది" అన్నారావిడ. "పోయినేడు కరకట్ట మీద ఇలాగే ఆగింది. కోడూరు దగ్గర నాగమణి అని ఒక పిల్ల, తొలికాన్పు. నేను నడిచి వెళ్లేసరికి బిడ్డ దక్కలేదు. ఇప్పుడు దానికి మళ్లీ నెలలు నిండాయండి. ఈసారీ ఆలస్యమైతే ఆ పిల్ల మొహం నేను చూడలేను."

నాకు విసుగు ఎటు పోయిందో తెలియదు. బానెట్టు ఎత్తి రేడియేటరు పైగొట్టం పట్టుకున్నాను. ఇంజనులోంచి వేడినీళ్లు రేడియేటరుకు పోయే గొట్టం అది. అంతసేపు నడిచిన బండికి చెయ్యి కాలాలి. అదేమో కుండ నీళ్లలా చల్లగా ఉంది. విప్పి చూస్తే థర్మోస్టాట్ ఉండాల్సిన చోటు ఖాళీ!

ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు థర్మోస్టాట్. అది లేకపోతే చలిలో ఇంజను వేడెక్కదు, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ప్లగ్గులు మసి పట్టి బండి ఆగిపోతుంది. మన డ్రైవర్లు ఈ ఎండదేశంలో అదెందుకని పీకి పారేసేవాళ్లు. ఈ కారుకూ ఏ మహానుభావుడో ఆ ఉపకారం చేశాడు.

ఇదంతా చెబితే ఆవిడ నవ్వారు. "అంటే వేడి పుట్టేదాకా తలుపు తియ్యదన్నమాట. పురిటి గదికి మేం చేసేదీ అదేనండి. కుంపటి పెట్టి తలుపు వేస్తాం."

బెజవాడ పాత సామాన్ల బజారులో ఆ కారుకు పట్టేవి రెండు దొరికాయి. ఒకటి నూట అరవై డిగ్రీల ఫారన్‌హీటుకు తెరుచుకునేది, రెండోది నూట ఎనభైకి. ఏది ఏదో తెలియకుండా అంకెలు అరిగిపోయాయి. ఇది పాత బండి. దీని రేడియేటరు మూతకు ఈ కాలపు వాటిలా ప్రెషరు పట్టే గుణం లేదు, గొట్టాల్లో ఏళ్ల తరబడి కాలవ నీళ్ల ఒండ్రు. నూట ఎనభైది బిగిస్తే రోహిణి కార్తెలో నీళ్లు పొంగిపోతాయి. దీనికి నూట అరవైదే కావాలి.

వాటిని షెడ్డుకు తెచ్చిన రోజు ఎస్తేరమ్మ గారూ వచ్చారు, టాక్సీ నడిపే వెంకటేశం కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఉన్న ఎండ చాలక ఇంజనుకు దుప్పటి కప్పుతున్నావా బావా?" అన్నాడు.

"నీ నోటికీ ఒకటి బిగిస్తాను, కాస్త ఆగు బావా" అన్నాను.

ఏది ఎంత వేడికి తెరుచుకుంటుందో కొలవమని ఎస్తేరమ్మ గారు సంచిలోంచి థర్మామీటరు తీసిచ్చారు.

"ఇది జ్వరాలు చూసేదండీ, ఈ నీళ్లలో పెడితే పగిలిపోతుంది" అని నేనే ఒక గిన్నెలో నీళ్లు పోసి కుంపటి మీద పెట్టాను. పైన అడ్డంగా పుల్ల పెట్టి, దారాలతో రెండింటినీ నీళ్లలోకి వేలాడదీశాను. ఏది ముందు తెరుచుకుంటే అదే నూట అరవైది. వాటి లోపల హార్మోనియం తిత్తిలాంటి ఇత్తడి మడతలుంటాయి, వేడికి సాగుతాయి. గిన్నె అడుగున సన్న బుడగలు మొదలయ్యాయి. బయట మంచు, లోపల ఆవిరి. వెంకటేశం కూడా వంగి చూస్తున్నాడు.

ఎడమవైపుది మెల్లగా, నిద్రలో పెదవులు విడినట్టు తెరుచుకుంది. రెండోది ఇంకా బిగుసుకునే ఉంది. బాగా ఆవిరి లేచాక గానీ అది కదల్లేదు. ముందు తెరుచుకున్నదాన్ని పైకి తీశాను. చల్లారుతూ మళ్లీ మూసుకుంది. తిత్తి చిల్లుపడితే అలా మూసుకోదు. రేడియేటరు కడిగి, దాన్నే బిగించాను.

కొన్నాళ్లకు, తెల్లవారకముందే, నాగమణి భర్త ఎస్తేరమ్మ గారి కోసం సైకిలు మీద వచ్చాడు. ఆవిడ అతన్ని కారు వెనక ఎక్కించుకుని నా షెడ్డు ముందు ఆపారు. "మీరూ రండి, మధ్యలో ఆగితే నాకు చేతకాదు."

ఊరు దాటేదాకా కారు దగ్గుతూనే ఉంది. కరకట్ట ఎక్కాం. మంచులో తాటిచెట్ల మొదళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. నేల మీద వెళ్తున్నామో, నీటి మీద తేలుతున్నామో తెలియలేదు. ఉన్నట్టుండి దగ్గు ఆగి ఇంజను ఒకే శ్రుతిలో పాడటం మొదలుపెట్టింది. ఒక మలుపు దగ్గర ఆవిడ స్టీరింగును గట్టిగా పట్టుకున్నారు. పోయినేడు ఆగింది అక్కడేనట. కారు ఆగలేదు.

నాగమణి ఇంటి ముందు దిగగానే ఆవిడ లోపలికి పరిగెడతారనుకున్నాను. చలికి బిగుసుకుపోయిన రెండు అరచేతులూ ఒక్క క్షణం బానెట్టు మీద ఆనించారు. "చల్లటి చేతులతో తల్లిని ముట్టుకోకూడదండీ" అని లోపలికి వెళ్లారు.

ఆవిడ చేతులు పెట్టిన చోటే నా చెయ్యీ పెట్టుకుని నిలబడ్డాను. మంచు పలచబడి పొలాలు కనపడే వేళకి లోపల్నుంచి ఏడుపు వినిపించింది. పసిగొంతు! నాగమణి భర్త గడప మీద కూలబడిపోయాడు. నాకూ ఏడుపొచ్చింది.

రోహిణి కార్తెలోనూ ఆ కారు పొంగలేదు. ఎంత ఎండదేశమైనా వేడిని తరిమేయడం ఒక్కటే తెలిస్తే మెకానిక్కు సగం పనే వచ్చినట్టు. కావలసినంత వేడిని కాసేపు లోపల దాచడం మిగతా సగం. నాకది నేర్పింది ఆ కారే. ఇప్పటికీ ఎవరైనా "ఆ థర్మోస్టాట్ పీకి పారెయ్ బావా" అంటే నేను వాదించను. బానెట్టు మీద ఆనిన ఆ రెండు చేతులు గుర్తొస్తాయి. పీకను, అంతే.