నీళ్లు ఆగిన పొద్దు

మమ్మల్ని సరిహద్దు పోస్టు దగ్గర దించిన లారీ వెనక్కి మళ్లి మలుపు దాటింది. ఇంజను చప్పుడు పోయాక నీళ్ల చప్పుడు చెవిన పడింది. ఎదురుగా కొండ. కొండ మీద మబ్బు. మబ్బులోంచి దారాల్లా జారుతున్న నీళ్లు. దేశానికి తూర్పు కొస అది. వానాకాలంలో నాలుగు కొట్టకముందే తెల్లారిపోతుంది. మొదటి వారం అంతా, పొద్దెక్కిందని ఉలిక్కిపడి లేచి వాచీ చూసుకుని మళ్లీ పడుకునేవాణ్ని.

ఇప్పుడు బాన్సువాడ బస్టాండులో ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు. "బార్డర్ల కాల్పులు చూసినవా?" చూడలేదంటే సినిమా టికెట్ దొరకనట్టు మొహం పెడతారు. వాళ్లకు ఏం చెప్పను? నా సర్వీసు మొత్తంలో నన్ను వదలనిది ఒక్క గస్తీ. అందులో తుపాకీ పేలనే లేదు.

మాది బీర్కూర్ దగ్గర కాలువ కింది ఊరు. ఆ పోస్టులో మన దిక్కువాడు ఇంకొకడుండేవాడు, కోటగిరివాడు. రేడియో ఆపరేటర్. అందరూ వాణ్ని రేడియో అనే పిలిచేవారు. నన్ను అన్నా అనేవాడు. చేపలంటే ప్రాణం. మా సెక్షన్ కమాండర్ గఢ్వాల్ కొండల హవల్దార్. నోరు విప్పితే హిందీలో నాలుగు మాటలు, అందులో మూడు తిట్లు.

వానలు పట్టిన కొత్తలో ఆర్డర్ వచ్చింది. ఎదుటి శిఖరం దాకా గస్తీ, రాత్రి అడవిలోనే. ఐదుగురం బయల్దేరాం. వీపున పిట్టు, అదే మా సంచి. అందులో దుప్పటి, వాన కోటు, వేయించిన శనగలు, శక్కర్‌పారాలు. చేతిలో రైఫిల్. జలగలకని బట్టలో కట్టిన ఉప్పు, పొగాకు. రేడియో వీపు మీద అదనంగా వాడి వైర్‌లెస్ సెట్టు.

అడవిలోకి అడుగు పెడితే వెలుతురు ఆకుపచ్చగా మారింది. చెట్ల మానులకు మనిషి చెయ్యి దిగేంత నాచు. నాచు మీద చిన్న చెట్లు, వాటి మీద తెల్లటి పూలు. పసిపిల్ల పిడికిలిలా ముడుచుకున్న ఫెర్న్ చిగుళ్లు. అడవి అరటి గెల ఒకటి వంగి ఉంటే రేడియో ఆశగా కొరికి ఉమ్మేశాడు. అన్నీ గింజలే.

"గింతందంగ ఉండి గిదేం బుద్ధే దీనికి!" అన్నాడు.

తల మీద ఏదో ఊపిరి తీస్తూ పోతున్నట్టు పెద్ద చప్పుడు. తలెత్తితే పసుపు ముక్కు హార్న్‌బిల్ పక్షులు రెండు, మబ్బులోంచి మబ్బులోకి. అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. హవల్దార్ కూడా తిట్టలేదు. నేను డ్యూటీలో ఉన్నానా, నిద్రలో నడుస్తున్నానా అని అనిపించింది.

సాయంత్రానికి ఒక వాగు ఒడ్డుకు చేరాం. నీటికి రెండు నిలువుల ఎత్తున చిన్న చదును. అక్కడే మకాం. చీకటి పడ్డాక ఒక కుళ్లిన దుంగ లేత పచ్చగా వెలగసాగింది. బూజు అట, దానికదే వెలుగుతుందట. ఆ వెలుగు పక్కన పడుకుని ఇద్దరం ఊరి మాటల్లో పడ్డాం.

"కాలువ బంద్ వెట్టిన రోజులు యాదికున్నయా అన్నా?"

ఎందుకుండవు? తూము మూస్తే కాలువ ఎండేది. గుంటల్లో చేపలు మిగిలేవి. పిల్లలం, పెద్దలం అందరం అందులోనే. మళ్లీ తూము ఎత్తినప్పుడు కాలువ నీళ్లు చూసే నీరటి సైకిల్ మీద గట్టెంట కేకేసుకుంటూ వచ్చేవాడు. "నీళ్లిడిసిండ్రో!" ఆ కేక వింటే చేతిలో చేప ఉన్నా, నిక్కరు జారుతున్నా, ముందు గట్టెక్కడమే. ఆలస్యమైతే నీళ్లకంటే ముందు అవ్వ కట్టె తగిలేది.

రాత్రంతా వాన. తెల్లవారుతూనే ఆగింది. హవల్దార్ చిన్న చేతి సెట్టు పట్టుకుని, ఇద్దర్ని తీసుకుని శిఖరం మీదికి వెళ్లాడు. సామానుకు కాపలా నేనూ, రేడియో. ఎక్కడో పైన లారీ కంకర దించినట్టు ఒక చప్పుడు. పట్టించుకోలేదు.

కాసేపటికి నా చెవులు బరువెక్కినట్టయింది. వచ్చిన రోజు నుంచి ఆగని నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కిందికి చూశాం. వాగు లేదు. తడి రాళ్లు మెరుస్తున్నాయి. రాళ్ల మధ్య చేపలు, వెండి గజ్జెలు పారబోసినట్టు. నడిమి బండ మీద తల తెల్లగా, తోక ఎర్రగా ఉన్న పిట్ట తోకాడిస్తూ అటూ ఇటూ చూస్తోంది, దాని వాగు ఏమైందో తెలియక.

రేడియో అప్పటికే దిగిపోయాడు. తల మీది టోపీ తీసి అందులో చేపలు ఏరుతున్నాడు. "అన్నా, దా! మన కాలువే!"

నాకూ కాళ్లు ఆగలేదు. రెండడుగులు దిగాను. అప్పుడు తట్టింది. ఊళ్లో అయితే తూము మూసేవాడున్నాడు. ఈ కొండ మీద ఎవడు మూశాడు?

వెనక్కి ఎగబాకి సెట్టు అందుకున్నాను. "సాబ్, వాగు ఎండిపోయింది. ఓవర్."

ఒక్క క్షణం గరగర. తర్వాత హవల్దార్ గొంతు. "పైన కొండ విరిగి వాగుకు అడ్డం పడింది. ఆ కట్ట ఏ క్షణమైనా తెగుతుంది. సామాను వదిలేయ్. పైకెక్కండి. ఓవర్."

"రేడియో! పైకి రారా! సాబ్ ఆర్డర్!"

"ఇంకో రెండే అన్నా!" తల కూడా ఎత్తలేదు.

బతిమాలాను. తిట్టాను. వాడు నవ్వుతూ ఇంకో గుంటలోకి వంగాడు. పైనుంచి గాలి వచ్చింది, పచ్చి మట్టి వాసనతో. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన కేక నాది కాదు, మా ఊరి నీరటిది.

"నీళ్లిడిసిండ్రో!"

వాడి కాళ్లు విన్నాయి, వాడు వినలేదు. టోపీని బండ మీద పడేసి, ఎందుకు పరుగెత్తుతున్నాడో తెలియకుండానే ఎగబాకాడు. చెయ్యి అందించి లాగాను. చదును దాటి ఇంకా పైకి పాకాం. ఎర్రటి నీళ్లు, చెట్లు, బండలు కలిసి వచ్చాయి. మా పిట్టులు, వెలిగిన దుంగ, చదును అన్నీ పోయాయి. రేడియో నా పక్కన కూలబడ్డాడు. నేను వాడి చెయ్యి వదలలేదు.

సర్వీసు ముగించుకుని ఇద్దరం వచ్చేశాం. నాకు వరి, వాడికి కోటగిరిలో చెరుకు. కాలువ మూసిన రోజు తప్పకుండా ఫోన్ చేస్తాడు.

"అన్నా, కాలువ బంద్ అయింది. శాపలకు వోతున్నవా?"

"లేదురా. నువ్వు?"

"నేను గూడ పోతలేను."

ఫోన్ పెట్టేసి కాలువ దిక్కు నడుస్తాను. కాలువలో పిల్లల కేకలు వినిపిస్తుంటాయి. నేను గట్టు మీదే నిలబడతాను, వాళ్లందరూ పైకెక్కేదాకా. కళ్లు మూస్తే ఆ బండే కనిపిస్తుంది. దాని మీద టోపీ. టోపీలో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. అంచు మీద ఆ పిట్ట తోకాడిస్తూ, పైకి చూస్తోంది.