జైసల్మేరులో ఎడమచేతి ఉలి

ముందే ఒప్పుకుంటున్నాను, ఏది చెప్పినా పెంచి చెప్పే జబ్బు నాకుంది. నంద్యాల బడిలో పాఠం చెబుతూ కుందూ నదిలో మొసళ్లను కూడా ఈదించాను. దయ్యాలను మాత్రం ఎన్నడూ నమ్మలేదు. నాకంటే బాగా భయపెట్టేవాళ్లు ఉన్నారని ఒప్పుకోవడం నాకు చిన్నతనం.

కర్నూలుకు రాజధాని హోదా పోయిన మరుసటి ఏడు, మా చెల్లెలి భర్తతో కలిసి జైసల్మేరు పోయాను. బావ ఆళ్లగడ్డలో శిల్పి. ఆయన తండ్రీ శిల్పే, ఎడమచేతి వాటం. ఇరవై ఏళ్ల కిందట యాత్రికుల వెంట ఉత్తరాదికి పోయి, జైసల్మేరు నుంచి ఒకే ఒక కార్డు రాశాడు. "ఈడ రాయి బెల్లం రంగులో ఉంది. అమ్మవారి పని ఒకటి ఒప్పుకొన్నా. కండ్లు తెరిచి వస్తా."

ఆళ్లగడ్డలో విగ్రహానికి కళ్లు చిట్టచివర చెక్కుతారు. అవి తెరిస్తే పని ముగిసినట్టే. మామ తిరిగి రాలేదు. అత్త మాత్రం రోజూ బొట్టు పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది.

బయలుదేరేటప్పుడు, ఏడో నెల కడుపుతో ఉన్న మా చెల్లెలు నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఆయప్పను నువ్వే తోడుకొని రావల్ల. మామ మాదిరి ఆడనే ఉండిపోతే నా గతేంది?"

జోధ్‌పూర్ దాకా రైలు, ఆపైన బస్సు. ఆ బస్సులో నేను మింగిన ఇసుకతో ఒక గది కట్టొచ్చు. కోట నిజంగానే బెల్లం దిమ్మలా ఉంది. రాతి జాలీ కిటికీలు, ఊరి చెరువు, రాజుల సమాధుల మీది గొడుగు మండపాలు, రెండు రోజులు అన్నీ తిరిగాం. నేను చూశాను, బావ తడిమాడు. ఉలిగాట్లు ఎటు వాలాయో వెతికాడు.

మూడోనాడు పొద్దున్నే పద్నాలుగడుగుల ఒంటె ఎక్కాం. ఒంటెవాడు పగ్గం పట్టి ముందు నడుస్తూ మాటిమాటికీ వెనక్కి చూశాడు. దొంగలకు అప్పజెబుతాడేమోనని నా అనుమానం. పది మైళ్ల అవతల, జనం ఎప్పుడో విడిచిపోయిన పల్లె దగ్గర దించాడు. కప్పుల్లేని ఇళ్లు. ఒక గోడవారన నిలువెత్తు అమ్మవారి రాయి. ముక్కుపుడకా, జడకుప్పెలూ అచ్చం మన వైపువే. కళ్ల చోట మాత్రం ఉత్త రాయి.

బావ గాట్ల మీద చెయ్యి పెట్టాడు. "బావా, ఇది ఎడమచేతి దెబ్బ. మా నాయనదే."

"నువ్వు ప్రతి రాయిలోనూ మీ నాయన్నే చూస్తాండావ్. ఆ ఒంటెవాడే తెచ్చి పెట్టినాడేమో!"

"నీకు ఒంటె మింద కూడా అనుమానమే కదప్పా."

ఇసుక దిబ్బలు చూసి, పొద్దు గుంకకముందే అదే దారిన తిరిగొచ్చాం. అమ్మవారి కళ్లు తెరిచి ఉన్నాయి.

కింద తాజా రాతిపొడి. నేను మొదట అనుమానించింది బావనే. కానీ ఆయన ఉలిని మేం దిగిన ధర్మశాలలో పెట్టెలో పెట్టి తాళం వేసింది నేను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. దినమంతా ఆయన నా ముందే ఒంటె మీద కూర్చున్నాడు. ఒంటెవాడు పగ్గం వదల్లేదు. ఇసుకలో పొద్దుటి మా అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు.

"నాయనా!" అని బావ మూడుసార్లు కేకేశాడు. ఇళ్లన్నీ వెతికి వచ్చి, రాయి ముందు కూలబడ్డాడు. "ఒక్క అడుగన్నా కనపడుంటే దాని ఎంట పోయుందును బావా. ఇప్పుడు యాడని పోవల్ల?"

ఆయన రెక్క పట్టుకుని లేపి, ఆళ్లగడ్డకు తెచ్చి మా చెల్లెలికి అప్పజెప్పాను. అత్త అంతా విని నవ్వింది. "కండ్లు తెరిచినాడు కదా. ఇంగ బయల్దేరింటాడు," అని నీళ్లకు పోయింది.

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఒంటె పద్నాలుగడుగులు లేదు, అది ఎలాగూ మీరు నమ్మి ఉండరు. ఇందులో నేను నిజంగా కల్పించింది ఒక్క ముక్క, ఇసుకలో అడుగులు లేవన్నది.

ఉన్నాయి. చెప్పుల్లేని అడుగులు, రాయి దగ్గర మొదలై పడమటికి పోయాయి. బావ పొడి చూస్తూ వంగి ఉన్నప్పుడు, కనిపించినంత మేరా నా చెప్పుతో చెరిపేశాను. ఒంటెవాడు మాత్రం చూశాడు.

అవి ఎవరి అడుగులో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వాటి వెంట పోయి తెలుసుకోగలిగిన ఒక్క మనిషిని నేనే అక్కడినుంచి లాక్కొచ్చాను.