రంగులో మాత్రమే కూర్చున్న మనిషి

టీవీ తెర మీద బొమ్మ పక్కన ఇంకో నీడబొమ్మ పడితే మేం రిపేరు వాళ్లం దాన్ని ‘గోస్ట్’ అంటాం. తెనాలిలో మా నాన్న షాపులో ఉన్నప్పుడు యాంటెన్నా కాస్త తిప్పి అలాంటివి ఎన్నో వదిలించాను. నేను నమ్మిన దయ్యాలు అవే. మిగతా వాటి గురించి ఎవరైనా మొదలుపెడితే “చాల్లే సంబడం” అని లేచిపోయేదాన్ని. ఇప్పటికీ లేచిపోతాను. దయ్యం కథ కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీకులు తప్పి ఆగిపోతాయని అందరూ భయపడ్డ రోజుల్లో, ఆ వైటూకే పని మీద మా ఆయనకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. క్లేటన్‌లో అద్దెకు దిగాం. అక్కడ ఏ తెలుగువాళ్లింటికి వెళ్లినా నాకు ఒకటే సలహా, “ఇంకా టీవీలేంటి, జావా నేర్చుకో.” నేర్చుకోనన్నాను. వీసీఆర్‌లు బాగుచేసి, పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించే షాపులో చేరాను. యజమాని గ్రెగ్ అరవై దాటినవాడు. మంచివాడే గానీ తన మాటే నెగ్గాలంటాడు.

వైటూకే గండం ఏమీ జరక్కుండానే గడిచిపోయిన ఆ ఏడాదిలోనే, మా వెనక వీధిలో ఉండే ఫరీదా ఒక క్యాసెట్ తెచ్చింది. వాళ్లది కర్నూలు. అది ఆమె నిఖా క్యాసెట్, బూజు పట్టింది. రెండు నెలల కిందట ఊళ్లో వాళ్లమ్మ పోయింది. ఈమెకు టికెట్ దొరికేలోపే అన్నీ అయిపోయాయి.

ఆ తల్లికి ఒక్క ఫొటో కూడా లేదు. పరాయి కంటికి ముఖం చూపించనని ఆవిడ పట్టు. ఫొటో దిగాలన్నారని పాస్‌పోర్టే వద్దంది, అందుకే కూతురి కాపురం చూడ్డానికి రాలేకపోయింది. నిఖా రోజు ఆడవాళ్ల గదిలో చిన్నాన్న కూతురు కెమెరా ఎత్తగానే, పెళ్లికూతురి పక్క కుర్చీలోంచి లేచి అవతలికి వెళ్లిపోయిందట. క్యాసెట్లో ఉన్నది ఖాళీ కుర్చీ.

“నాకు మిగిలింది ఆ కుర్చీ ఒకటే అక్కా. అది బాగా కనపడేట్ల చెయ్యి,” అంది ఫరీదా.

మర్నాడు మధ్యాహ్నం బూజు తుడిచి క్యాసెట్ వేశాను. మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. టీవీ బొమ్మలో రెండు కలిసి వస్తాయి, వెలుతురు ఒకటి, రంగు ఒకటి. కన్ను, ముక్కు, గీత, అంచు అన్నీ వెలుతురులోనే ఉంటాయి. రంగు దాని మీద పూసిన మసక పూత, అంతే. రెండింటినీ సరిగ్గా విడదీయకపోతే ఒకదాని మరక ఇంకోదాని మీద పడుతుంది. అలా పడకుండా విడదీయడమే నా పని.

ఆడవాళ్ల గది వచ్చింది. తెల్లగుడ్డ కప్పిన కుర్చీలో చిలకపచ్చ మరక. తల దగ్గర్నుంచి పాదాల దాకా, కూర్చున్న మనిషంత.

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. నా చేతి మీదుగా ఇంత చెత్త పనా అని. రంగునీ వెలుతురునీ వేరువేరు తీగల్లో పంపే కేబుల్ పెట్టి, రంగు తీగ పీకాను. నలుపు తెలుపులో కుర్చీ ఖాళీ. గుడ్డ మీది ముడతలు కూడా కనిపిస్తున్నాయి. తీగ మళ్లీ పెట్టాను. పచ్చ. క్యాసెట్‌ని చదివే హెడ్ తుడిచాను, వీసీఆర్ మార్చాను, టీవీ మార్చాను. అదే పచ్చ.

పాత రికార్డింగ్ మీద మళ్లీ రికార్డు చేస్తే ఒక్కోసారి పాత రంగు కొంచెం మిగిలిపోతుంది. అదే అయి ఉంటుందని ఫరీదాకు ఫోన్ చేశాను.

“కొత్త క్యాసెట్టే అక్కా. మా అన్న నా ముందరే సీలు చించినాడు. ఏం రంగు?”

“చిలకపచ్చ. నేను తీసేస్తాలే.”

“తీయొద్దు. నేను వస్తాండా.”

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. గ్రెగ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. నేనూ అంతవరకు ఆ భాగం పూర్తిగా చూడలేదు. తెర మీద పెళ్లికూతురు తల వంచుకుని ఏడవడం మొదలుపెట్టింది. కుర్చీలోని పచ్చ మెల్లగా పక్కకు సాగి, ఆమె భుజం దాకా వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, వెనక్కి వచ్చింది.

ఫరీదా “అమ్మీ” అని తెర మీద చెయ్యి పెట్టి భోరుమంది. ఆ రోజు వాళ్లమ్మ కట్టింది చిలకపచ్చ చీరట. ఆ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఒట్టు.

గ్రెగ్ నా వైపు తిరిగాడు. అది కలర్ ఫాల్ట్, ఆ రెండు నిమిషాలు బ్లాక్ అండ్ వైట్ చేసి ఇచ్చెయ్, షాపు పేరు పోతుంది అన్నాడు. చెయ్యనన్నాను. ఇది నా షాపు అన్నాడు. షాపు మీదే, తీసే చెయ్యి మాత్రం నాది, అది తీయదు అన్నాను. ఉద్యోగం పోతే పోయిందనే అన్నాను. అతను ఫరీదా వైపు చూసి, అయితే సీడీ మీద మన షాపు లేబుల్ అంటించొద్దు అని వెళ్లిపోయాడు. దాని మీద నా చేతిరాతతోనే ఆమె పేరు రాశాను.

సీడీలోకి ఎక్కించేముందు, కావాలంటే అంచులు కాస్త తేలేలా చూస్తాను, ముఖం ఆనవాలేమైనా దొరుకుతుందేమో అన్నాను. ఫరీదా ముక్కు తుడుచుకుని నవ్వేసింది.

“వద్దక్కా. మొకం చూపీయనంటే చూపీయదు. ఆయమ్మ మాటంటే మాటే.”

నిజమే, ముఖం ఉండాలంటే వెలుతురు కావాలి. ఆవిడ రంగులో మాత్రమే ఉంది.

తర్వాత తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఒకరు పాత రికార్డింగ్ అన్నారు, ఒకరు టీవీ దగ్గర అయస్కాంతం ఏదో ఉండి ఉంటుందన్నారు. మా ఆయన భ్రమ అన్నాడు. ముగ్గురికి, ఒకేసారి, ఒకే రంగులో వచ్చే భ్రమ ఏమిటో ఆయనే చెప్పాలి. పాత రంగు మిగిలితే మరక మిగులుతుంది గానీ, ఏడుస్తున్న పిల్ల భుజం వెతుక్కుంటూ వెళ్లదు.

నాకు తెలీదు. ఇన్నేళ్లయినా తెలీదు, తెలీదని చెప్పడానికి సిగ్గూ లేదు. ఆ సాయంత్రం నింపాల్సిన షాపు కాగితంలో ‘లోపం’ అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టాను. ఇవాళ అదే కాగితం నా ముందు పెట్టినా అలాగే సంతకం పెడతాను.