మూడు బండ్లు, ఒకటే మీటరు

2021 చివర్లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉత్తర తెలంగాణలోని ఒక కార్యాలయానికి బదిలీ చేశారు. అది ఏ కార్యాలయమో రాయను. జగిత్యాల, కోరుట్ల, కథలాపూర్ వైపు బండ్లు పరీక్షకు మా దగ్గరికే వచ్చేవని చెబితే చాలు. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. డ్రైవర్ల టక్కుటమారాలు నాకు తెలియనివి లేవన్న ధీమా బాగా ముదిరి ఉన్న కాలం అది.

మా పనిలో ఎక్కువ భాగం ఫిట్‌నెస్ పరీక్ష. పసుపు పచ్చ నంబరు ప్లేటున్న ప్రతి బండినీ, అంటే కిరాయికి తిరిగే బండిని, నిర్ణీత గడువుకోసారి ఇన్‌స్పెక్టరు చూసి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సంతకం చేయాలి. బ్రేకులు, లైట్లు, టైర్లు, స్టీరింగు, హారను, స్పీడోమీటరు చూస్తాం. ఒకటి పనిచేయకపోయినా కారణం రాసి వెనక్కి పంపాలి. కరోనా వల్ల ప్రభుత్వం ఈ గడువులను చాలాసార్లు పొడిగించింది. ఆ పొడిగింపులు అయిపోగానే బండ్లన్నీ ఒక్కసారి మా గ్రౌండు మీద పడ్డాయి. ఒక్కో బండికి పది నిమిషాలు దొరికితే గొప్ప.

అరువు సామాను సంగతి నాకు తెలుసు. పరీక్ష రోజున మంచి టైర్లు, మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతుంటాయి. గేటు అవతల ఒకడు ఇచ్చేవాడు, ఇవతల ఇంకొకడు తీసుకునేవాడు. ఒకసారి నేను సిలిండరు అడుగున పెన్నుతో చిన్న గుర్తు పెట్టాను. సాయంత్రం లోపల అది నాలుగు బండ్లలో నాకు నమస్కారం పెట్టింది. ఆ కథ ఆఫీసులో చాలాసార్లు చెప్పుకొని నవ్వాను. నా ధీమా అలాంటి గెలుపుల మీద పెరిగిందే.

ఆ రోజుల్లో సామేలు అనే డ్రైవరు వచ్చాడు. కథలాపూర్ మండలంలోని ఒక ఊరు. తాత, తండ్రి భూమి లేని కూలీలు. అతను కొన్నేళ్లు మస్కట్‌లో బండి నడిపి, వచ్చాక పాత కారొకటి కొనుక్కొని కోరుట్ల అడ్డా మీద పెట్టాడు. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు చీకటిగా ఉంది. ముల్లు కదలదు, అంకె కనిపించదు, ఒక్క దీపం వెలగదు. "స్పీడోమీటరు పనిచేయుట లేదు" అని రాసి వెనక్కి పంపాను. అతను వాదించలేదు. షోరూముకు పోతే మొత్తం మీటరు డబ్బానే మార్చాలన్నారని, ఆ రేటుకు బండి సగం అమ్ముకోవాలని మాత్రం చెప్పాడు. అది నా పని కాదన్నాను. నిజానికి అప్పుడు అలాగే అనుకున్నాను.

వారం తర్వాత అదే బండి వచ్చింది. ముల్లు చక్కగా లేచింది, అంకెలు వెలిగాయి. గ్రౌండులో ఒక చుట్టు తిప్పి, బ్రేకు తొక్కి చూసి సంతకం చేశాను. నాకు ఒక అలవాటుంది. నేను చేరిన కొత్తలో ఒక సీనియరు నేర్పింది. పరీక్షించిన ప్రతి బండి కిలోమీటర్ల రీడింగు నా సొంత డైరీలో రాసుకుంటాను. ఏ నియమంలోనూ లేదు, ఎవరూ అడగరు. ఆ రోజు 1,43,206 అని రాశాను.

ఆ నెలలోనే అదే మోడల్ బండ్లు కోరుట్ల అడ్డా నుంచి ఇంకో రెండు వచ్చాయి. మూడోదాని రీడింగు రాస్తుంటే చేయి ఆగింది. 1,43,318. ఈ అంకెను ఎక్కడో చూశానే అనిపించింది. పేజీలు వెనక్కి తిప్పాను. రెండో బండిది 1,43,261. కోరుట్ల నుంచి మా గ్రౌండుకు వచ్చి తిరిగి వెళ్తే యాభై చిల్లర కిలోమీటర్లు. మూడు బండ్లకూ ఒకటే మీటరు. ఆ మోడల్‌లో మీటరు విప్పి ఇంకో బండికి తగిలిస్తే చాలు, అది నాకు తెలియంది కాదు. సిలిండరు అరువును పట్టుకున్న మొనగాణ్ణి, కళ్లముందున్న మీటరును రెండుసార్లు వదిలేశాను.

ఆ మూడో డ్రైవరు దాచలేదు. మెట్‌పల్లి దగ్గర లారీ గుద్దిన కారొకటి అడ్డా వెనక షెడ్డులో పడి ఉందట. దాని మీటరు ఒక్కటే బాగుంది. "అది ఎవ్వలిది గాదు సార్, అడ్డా మీద అందరిది. ఫిట్‌నెస్‌కు తగిలిస్తం, పోంగనే ఇప్పుతం" అన్నాడు, పెళ్లిళ్లకు వంటగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నంత మామూలుగా. అతని బండిని ఆపేసి, సామేలుకు ఫోను చేసి రమ్మన్నాను.

సామేలు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. డ్యాష్‌బోర్డు మళ్లీ చీకటి. వెనక సీట్లో దుప్పటి కప్పుకొని ఒక పెద్దామె కూర్చొని ఉంది. పేరు రాజవ్వ. సామేలు ఊరే, బీడీలు చుట్టేది. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు జగిత్యాలలో డయాలసిస్. అది అయ్యాక బస్సు మెట్లు ఎక్కలేదు. ఆమెనూ, ఆ చుట్టుపక్కల ఇంకో ఇద్దరినీ డీజిలు ఖర్చుకు సామేలే తిప్పుతున్నాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్తూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

అతను తల వంచుకొని నిలబడ్డాడు. "తప్పే సార్. బండి ఆగితె గీమెను ఎవ్వలు తీస్కవోతరు? గందుకే తగిలించిన" అన్నాడు.

నేను ఏదో గట్టిగా అనబోతుండగా రాజవ్వ కిటికీలోంచి కలగజేసుకుంది. ఆమెకు మీటరు గొడవ ఏమీ తెలియదు. సామేలును తిట్టబోతున్నానని మాత్రం అర్థమైంది. "గా పిలగాన్ని ఏమనకు సారు. మొన్న వడ్ల ట్రాక్టర్లు అడ్డమై బండి ఆగినప్పుడు ముందటికెల్లి పొగలు లేసినై. నన్ను దించి చెట్టు కింద కూసోవెట్టి, ఉరికి ఉరికి నీళ్లు దెచ్చిండు. గా దినం దావఖాన్ల నా పాళి పోయింది. దమ్మొచ్చి రెండు దినాలు కరీంనగర్ల వడ్డ. గా రెండు దినాలు గీ పిలగాడే ఇడిశిపెట్టకుండ నా తోడున్నడు."

పాళి అంటే డయాలసిస్ మిషను మీద ఆమె వంతు. అది ఏ రోజని అడిగాను. ఆమె వేళ్లు లెక్కబెట్టి చెప్పింది. నా డైరీలో చూసుకున్నాను. నేను సంతకం చేసిన తొమ్మిదో రోజు.

"బండి మంచిగ లేదని తెలిసి ఎట్ల ఎక్కినవమ్మా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"నాకేం ఎరుక సారు? సర్కారు సారు సూసి సంతకం వెట్టిండని సామేలు జెప్పిండు. గందుకే నిమ్మలంగ కూసున్న" అంది.

ఆ సర్కారు సారు నేనేనని ఆమెకు తెలియదు. సామేలు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అప్పుడు చెప్పకపోవడం పిరికితనమే, ఇప్పటికీ దానికి వేరే పేరు పెట్టను.

మా పై అధికారి జిల్లా రవాణా అధికారి, మాటకు నిలబడే మనిషి. ఆ మేడం ముందు డైరీ పెట్టాను. బండ్లను పిలిచి మీటర్లు బాగుచేయించుకోమని నోటిమాటగా చెబితే సరిపోతుంది గదా అన్నారు. నా మంచికోరే అన్నారు. ఇచ్చిన ఫిట్‌నెస్‌ను రద్దు చేయాలంటే కారణం రాతలో చూపాలి. ఆ కారణంలో నా పొరపాటూ ఉంటుంది. అయినా రాశాను. రెండు బండ్ల ఫిట్‌నెస్ రద్దయింది, మూడోదానికి ఇవ్వలేదు. నాకు సంజాయిషీ మెమో వచ్చింది. అది నా సర్వీసు రిజిస్టరులో రిటైరయ్యే దాకా ఉంది.

అంతటితో ఆగితే రాజవ్వ ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేది. అడ్డా మీద మీటరు బాగున్న బండి నడిపే ఒకతను ఆమెనూ మిగతా ఇద్దరినీ రెండు వారాలు తిప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ లోపల సామేలు మీటరు తక్కువలో బాగుకావాలి. అప్పుడు నాకు సిరిసిల్ల వెంకటేశం గుర్తొచ్చాడు. నేను అంతకుముందు సిరిసిల్లలో ఉన్నప్పుడు మా ఇంటి ఇన్వర్టరు కార్డు, అంటే లోపలి సర్క్యూట్ అట్ట, బాగుచేసిన మనిషి. పద్మశాలి కుటుంబం. తండ్రి మరమగ్గం నడిపాడు, ఇతను మగ్గాలకు పెట్టే ఎలక్ట్రానిక్ కార్డులు బాగుచేస్తాడు. కార్డు పోతే మగ్గం ఆగుతుంది, కొత్తది తెప్పించే స్తోమత అందరికీ ఉండదు. అందుకని అతనికి పారేయడం అనే అలవాటే లేదు.

ఆదివారం సామేలు మీటరును తువ్వాలలో చుట్టుకొని బస్సెక్కాడు. నేనూ వెళ్లాను. రమ్మని ఎవరూ అనలేదు. వెళ్లకుండా ఉండలేకపోయాను.

వెంకటేశం ముందు మీటరు విప్పలేదు. చిన్న యంత్రం తగిలించి, మీటరు జ్ఞాపకంలో ఉన్న కిలోమీటర్ల రీడింగును కాగితం మీద రాసి, సామేలుతో సంతకం చేయించుకున్నాడు. "గీ అంకె తగ్గియ్యమని శానమంది వస్తరు సార్. తగ్గియ్యచ్చు. నేను తగ్గియ్య" అన్నాడు. తర్వాత వెనక మూత తీసి, భూతద్దం పెట్టి సర్క్యూట్ అట్టను ఒక్కో అతుకే చూశాడు. కరెంటు వచ్చే చోట టంకం వెంట్రుకంత పగిలి ఉంది. లాక్‌డౌన్‌లో బండి రెండు ఎండాకాలాలు కదలకుండా ఎండలో నిలబడింది, ఆ వేడికి పగిలిందన్నాడు. పాత టంకం తీసి కొత్తది పోశాడు. అంకెల తెరకు వెళ్లే పట్టీ అంటు ఊడితే వేడి ఇస్త్రీతో మళ్లీ అదిమాడు.

మీటరు వెలిగింది. సామేలు లేచాడు. వెంకటేశం కూర్చోమన్నాడు. చల్లగా ఉన్నప్పుడు ఏదైనా వెలుగుతుందని, వేడి గాలి పెట్టి, స్క్రూడ్రైవరు పిడితో తట్టుతూ గంటసేపు చూశాడు. నేను పది నిమిషాల్లో సంతకం చేసిన వస్తువుకు అతను గంట నిలబడ్డాడు. షోరూము చెప్పిన దాంట్లో పదో వంతు కూడా తీసుకోలేదు.

సాయంత్రం కోరుట్ల అడ్డాలో మీటరు బిగించారు. ఇంజను ఆన్‌లో ఉంచి చూస్తున్నాం. అందరూ వేగం ముల్లునే చూసి సంతోషపడుతున్నారు. పక్కనున్న వేడి ముల్లు మెల్లగా లేచి, సగం దాటి, ఆగకుండా పైకి వెళ్లింది. ఎర్ర దీపం వెలిగింది. సామేలు గబుక్కున తాళం తిప్పి బానెట్ ఎత్తాడు. రేడియేటరు దగ్గరుండే ఫ్యాను తిరగడం లేదు. ఎన్నాళ్ల నుంచో తిరగడం లేదు. నడిచే బండికి గాలి తగిలి తెలియలేదు, ట్రాక్టర్ల వెనక నిలబడగానే ఉడికింది. చెప్పాల్సిన దీపం చీకట్లో ఉంది. నేను చూసిన రోజు అరువు మీటరు వెలుగుతూనే ఉంది గానీ, చలి పొద్దున ఒక్క చుట్టు తిప్పి, బండిని నిలబెట్టి ఇంజను నడవనివ్వకుండానే దిగిపోయాను.

"గా దినం నీళ్లు తక్కువై పొగలొచ్చినయనుకున్న సార్, పోయింది మీటరొక్కటే అనుకున్న. బండే పోయిందని ఎరుకలేదు" అన్నాడు సామేలు. మరుసటి రోజు ఫ్యాను మోటారు మార్పించాడు. తిరిగి పరీక్ష నేను చేయలేదు, నా సహచరుడు చేశాడు. మిగతా రెండు బండ్ల మీటర్లూ సిరిసిల్లకే వెళ్లాయి. షెడ్డులోని మీటరును డ్రైవర్లే తెచ్చి నా టేబులు మీద పెట్టి వెళ్లారు. రాజవ్వ ఆ తర్వాత ఏడాదిన్నర అదే బండిలో తన పాళికి వెళ్లింది. ఒకరోజు ఆసుపత్రి ముందు కనిపిస్తే ఆ సంతకం నాదేనని చెప్పాను. ఆమె బండి తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. "గిప్పుడు సంతకం వెట్టినాయన మంచిగ సూశిండా?" అని అడిగింది. చూశాడని చెప్పాను. అప్పుడు బండెక్కింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను పరీక్షలో రెండు మార్పులు చేసుకున్నాను. గ్రౌండులో ఎంత రద్దీ ఉన్నా, ఇంజను ఆన్‌లో ఉంచి ఫ్యాను తిరిగే దాకా బండి పక్కనే నిలబడేవాణ్ణి. రెండోది ఏ ఫారంలోనూ లేని ప్రశ్న. సంతకానికి ముందు డ్రైవరును, ఈ బండిలో వెనక ఎవరు కూర్చుంటారని అడిగేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్లు, కొందరు విసుక్కునేవాళ్లు. జవాబు చెప్పే దాకా పెన్ను మూత తీసేవాణ్ణి కాను. మీటరు ముందు సీటుకే కనిపిస్తుంది. వెనక కూర్చునే మనిషి ఎక్కేది మా సంతకాన్ని నమ్మి.